రూప్లికి మంత్రం రాదు

ములకలపల్లి దాటి అడవి చిక్కబడే చోట, వాగుకు అవతల ఒక లంబాడి తండా ఉండేది. ఆ తండాలో రూప్లికి మంత్రం వచ్చునని చుట్టుపక్కల గూడేలన్నీ నమ్మాయి. రాదని చెప్పింది రూప్లి ఒక్కతే. ఆ ఒక్క మాటా ఎవరి చెవికీ ఎక్కలేదు.

మొదటిసారి అది జరిగింది ఆమె మొగుడు లాలు కాలు తెగినప్పుడు. అడవిలో వెదురు నరికే కూపులో పని చేస్తుంటే గొడ్డలి జారి పిక్కలో దిగింది. తోటివాళ్లు బండి మీద వేసుకొచ్చి గుడిసె ముందు దించారు. లాలు అరుపులకు తండా అంతా మూగింది. ఒకరు పసుపు తెచ్చారు, ఒకరు గుడ్డలు చింపారు. రూప్లికి మాత్రం చేతులు ఆడలేదు. అతని తల దగ్గర కూలబడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

చూడగా చూడగా అతని నొప్పి ఎక్కడుందో ఆమెకు తెలిసింది. కాలిలో కాదు, ఇంకెక్కడో లోపల ఉంది. చీకట్లో గొళ్లెం కోసం తడిమినట్టు మనసుతో తడిమింది. దొరికింది. దొరికినదాన్ని అదిమి పట్టింది.

లాలు అరుపు సగంలో ఆగిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి పెళ్లాం వైపు చూశాడు.

"ఏం జేసినవే?"

"ఏం జెయ్యలే. ఊకె జూసిన."

గాయం అలాగే ఉంది, నెత్తురు కారుతూనే ఉంది. నొప్పి మాత్రం లేదు. కట్టు కడుతుంటే లాలు ఎవరి కాలికో కడుతున్నట్టు చూశాడు. రూప్లి మాత్రం లోపలికి పోయి పడుకుని, మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. లేచాక కూడా నోరు ఎండి, తల దిమ్మెక్కి ఉంది.

ఆ కబురు తునికాకు ఆరబెట్టే కల్లం నుంచి కల్లానికి పాకింది. తేలు కుట్టినవాళ్లు, పన్ను పోటుతో దవడ వాచినవాళ్లు, కాన్పు కష్టమైన ఆడవాళ్లు రూప్లి కోసం రావడం మొదలుపెట్టారు. కోడిని తెస్తే వద్దనేది. సారా సీసా తెస్తే కోప్పడేది. విబూది ఇవ్వదు, వేపరెబ్బ పట్టదు, పెదవి కదపదు. ఎదురుగా కూర్చుని చూస్తుంది. చూసిన కాసేపటికి నొప్పి పోతుంది.

పక్క గూడెంలో బొజ్జయ్య అని తేలు మంత్రం వేసే పెద్దాయన ఉండేవాడు. తన దగ్గరికి వచ్చే జనం తగ్గేసరికి ఒకరోజు ఆయనే వచ్చి రూప్లి గుడిసె ముందు కూర్చున్నాడు. తేలు కుట్టిన ఒక పిల్లగాడి నొప్పి ఆమె తీసేయడం మొదటినుంచీ చివరిదాకా చూశాడు. అందరూ వెళ్లాక చుట్ట వెలిగించుకున్నాడు.

"నోట్ల ఏమన్న అనుకుంటవా చెల్లె?"

"లేదన్నా. నాకు మంత్రం రాదు."

"నువ్వు అబద్ధమాడుతలేవని నాకు ఎరుకైంది." బొజ్జయ్య చుట్ట నుసి రాల్చాడు. "ఒక మాట ఇంటవా? ఏదో ఒకటి గొణుగు. నీ ఇష్టమొచ్చింది గొణుగు. జనానికి మాట ఇనబడాలె. నేను గొణుగుత గాబట్టి నన్ను చూసి ఎవరు భయపడరు. నోరు మెదపకుండ పనైతే, రేపు ఏదన్న చెడు జరిగినా నువ్వే జేసినవంటరు."

"లేనిది ఉన్నట్టు ఎట్ల చెప్పన్నా?"

బొజ్జయ్య లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

తన నొప్పి మీద మాత్రం రూప్లికి ఏ పట్టూ ఉండేది కాదు. కన్న పిల్లలు ఒక్కరూ దక్కలేదు. ఆ దుఃఖాన్ని అదిమి పడదామని చాలాసార్లు చూసింది. తన లోపల ఎంత తడిమినా గొళ్లెం దొరికేది కాదు. ఇక ఊరుకుంది. లాలు తమ్ముడు హరిలాల్, అతని భార్య హేమ్లి పక్క గుడిసెలోనే ఉండేవారు. వాళ్ల కూతురు మోతీ పొద్దస్తమానం పెద్దమ్మ కొంగు పట్టుకుని తిరిగేది. ముందు పళ్లు ఊడి కొత్తవి మొలుస్తున్న వయసు. రొట్టె కాలుస్తుంటే పొయ్యి ముందు కూర్చుని మొదటి రొట్టె తనకే కావాలనేది. దానిమీద బెల్లం రుద్ది ఇస్తే గుడిసె చుట్టూ తిరుగుతూ తినేది. ఆ పిల్ల వల్లే రూప్లికి రోజులు గడిచేవి.

ఎమర్జెన్సీ పోయిన తర్వాతి ఏడు, నాట్ల రోజుల్లో మోతీకి కడుపునొప్పి వచ్చింది. హేమ్లి చంకనేసుకుని తెచ్చింది.

"పచ్చి జామకాయలు తిన్నదో ఏమో అక్కా, మెలికలు తిరుగుతాంది."

రూప్లి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కాసేపట్లో మోతీ మొహం తేటపడింది. "పోయింది పెద్దమ్మా!" అంటూ లేచి వాన నీళ్లలోకి ఉరికింది.

సాయంత్రం మళ్లీ వచ్చింది. రూప్లి మళ్లీ తీసేసింది. మర్నాడు నొప్పి ఇంకా పెద్దదై వచ్చింది. ఇదివరకు ఏ నొప్పీ అలా లేదు. పట్టుకుంటే జారిపోతోంది. వదిలితే మళ్లీ లేస్తోంది. రూప్లికి పంతం వచ్చింది. కళ్లకు చీకట్లు కమ్ముతున్నా వదలకుండా అదిమి పట్టింది. ఈసారి నొప్పి పూర్తిగా చచ్చిపోయింది.

హరిలాల్ గడపలో నిలబడి చూస్తున్నాడు. "వాగు ఇయ్యాల జర తగ్గింది వదినా. బండి కట్టి పాల్వంచ దవాఖానాకు తోలుకపోదునా?"

"తగ్గింది గదా, ఇంకెందుకు? నాట్లు ఆగుతయ్," అంది రూప్లి.

ఆ రోజూ, ఆ మరుసటి రోజూ మోతీ నొప్పి అనలేదు. అటుకులు తింది, మేకపిల్లతో ఆడింది. ఆ తర్వాత పొద్దున హేమ్లి వచ్చి, "నొప్పి లేదంటది గని ఒళ్లు కాలుతాంది. కడుపు చూడు అక్కా, పలక లెక్కైంది," అంది. రూప్లి చెయ్యి వేసి చూసింది. పిల్ల పొట్ట గట్టిగా, బిగుసుకుని ఉంది. మోతీ నవ్వబోయి కళ్లు మూసుకుంది.

అప్పుడు బండి కట్టారు. వాగు దాటి రోడ్డెక్కి బస్సు పట్టుకుని పాల్వంచ చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి డాక్టరు పిల్ల కడుపు ఒకచోట నొక్కి చూశాడు. మోతీ కదలలేదు. ఆయన మళ్లీ నొక్కి, తలెత్తి తల్లి వైపు చూశాడు.

"లోపల పేగు పగిలి చీము పట్టిందమ్మా. ఇంత జరుగుతుంటే పిల్ల ఏడవలేదా?"

"మొదట ఏడ్చింది సారూ. మా అక్క నొప్పి తీసేసింది."

"నొప్పి తీసేయడమేంది?" డాక్టరుకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే సమయమూ లేదు. "నొప్పి ఉన్ననాడే తెస్తే బతికేది. ఇప్పుడు ఖమ్మం తీసుకపోండి, జల్దీ."

వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డ రూప్లికి ప్రతి మాటా వినబడింది.

జీపు మాట్లాడుకుని బయల్దేరారు. జూలూరుపాడు దాటకముందే హేమ్లి ఒళ్లో పిల్ల ఒళ్లు చల్లబడింది. డ్రైవరు జీపు ఆపాడు. హేమ్లి ఆపవద్దని, పోనిమ్మని అతన్ని వీపు మీద గుద్దుతూనే ఉంది.

పెళ్లికాని పిల్ల గనుక కాల్చకుండా తండా చివర పూడ్చారు. ఆ మట్టి ఆరకముందే మాట పుట్టింది. కన్న పిల్లల్ని మింగింది చాలక మరిది పిల్లను మింగిందన్నారు. మూడుసార్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రాణం పీల్చిందన్నారు. రూప్లి డాకణ్ అన్నారు. లంబాడి మాటలో డాకణ్ అంటే మనుషుల్ని తినే మంత్రగత్తె. ఆమె చేత కాన్పు నొప్పులు తీయించుకున్న ఆడవాళ్లే తమ పిల్లల్ని లోపల పెట్టి తలుపులు వేసుకున్నారు.

ఒక పగటిపూట తండా నాయకుడు రామ్‌సింగ్ వాకిట్లో అందరూ కూడారు. రూప్లిని పిలిచి మధ్యలో నిలబెట్టారు. లాలు దడి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఎంత వెతికినా అతని మొహం కనబడలేదు.

"నిజం చెప్పు," అన్నాడు రామ్‌సింగ్. "మోతీని నువ్వే సంపినవా?"

నాలుగు రోజులుగా రూప్లి మనసులో తిరుగుతున్న ప్రశ్న కూడా అదే. తాను ఆ నొప్పిని నొక్కకుండా ఉంటే పిల్ల అరిచేది. అరిస్తే తండ్రి బండి కట్టేవాడు. అతను కడతానంటే ఆపింది కూడా తనే.

"అవ్," అంది. "నా వల్లనే సచ్చింది. గని మంత్రంతోని కాదు."

రెండో మాట ఎవరికీ వినబడలేదు. అవ్ అన్న మాటకే వాకిలంతా లేచి అరిచింది.

మంత్రం పలకకుండా పళ్లు పీకాలన్నారు. పట్కారు తెచ్చి మోతీ తండ్రి చేతిలోనే పెట్టారు. ఇద్దరు మగవాళ్లు రూప్లి చేతులు వెనక్కి విరిచి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. హరిలాల్ ఆమె ముందుకొచ్చి కూర్చున్నాడు. నాలుగు రోజులుగా తినని మనిషి. కళ్లు వాచిపోయి ఉన్నాయి. పట్కారును రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు.

"ఎందుకు జేసినవ్ వదినా?" అన్నాడు మెల్లగా, ఇంకెవరికీ వినబడకుండా.

ఆమె అతని మొహంలోకి చూసింది. అతని లోపల ఉన్నది కనబడింది. ఇన్నేళ్లలో ఆమె ఒంటి నొప్పుల్నే పట్టింది గానీ మనసు నొప్పి జోలికి ఎప్పుడూ పోలేదు. అది పట్టుకు దొరుకుతుందని కూడా ఆమెకు తెలియదు. తన ప్రాణం కోసం పట్టిందో, అతన్ని చూడలేక పట్టిందో తర్వాత ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయింది. పట్టింది. అది చాలా పెద్దది, ఒక చివర అంటూ లేదు. ఉన్న బలమంతా పెట్టి అదిమేసింది.

హరిలాల్ చేతుల బిగువు సడలింది. నుదుటి మీద ముడతలు విడిపోయాయి. చేతిలో పట్కారును చూసుకుని, పక్కన పెట్టి, లేచి నిలబడ్డాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూసి కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. హేమ్లి దగ్గరికి నడిచాడు.

"ఇంటికి పోదాం పా. ఆకలైతాంది."

హేమ్లి అతని మొహంలోకి చూసింది. మొన్న రాత్రంతా తనతో పాటు మట్టిలో దొర్లి ఏడ్చిన మనిషి అతనేనా అన్నట్టు వెతికింది. "మోతీ..." అంది. "అవ్, పోయింది గదా," అన్నాడు హరిలాల్. హేమ్లి అతని చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది, గోళ్లతో రక్కింది. హరిలాల్ ఎందుకు కొడుతోందో తెలియనట్టు నిలబడి కొట్టించుకున్నాడు.

ఆ రోజు తండా మొత్తం మంత్రాన్ని కళ్లారా చూసింది. ఇక ఆగేవాళ్లు లేరు. చందూలాల్ అనే అతను కింద ఉన్న పట్కారు తీసుకున్నాడు. ఆమె చూపు తగలకుండా ముందు మొహం మీద గోనె సంచి కప్పి, నోటి దగ్గర మటుకు చించారు. పై పళ్లు, కింది పళ్లు ముందువన్నీ పోయాయి. రూప్లి అరుపులు వాగు అవతలికి వినిపించాయి. అంతమంది నొప్పులు తీసిన మనిషికి తన నొప్పి మాత్రం తనతోనే ఉంది.

ఆ అరుపులు విని వచ్చినవాడు బొజ్జయ్య. తండావాళ్లు వెళ్లగొట్టగా అడవి బాటలో పడి ఉన్న ఆమెను తన బండిలోకి ఎత్తుకుని, నోట్లో గుడ్డ కుక్కి, రోడ్డు దాకా తోలాడు. అక్కడ బొగ్గు లారీ ఆపి బతిమాలి పాల్వంచలో సిస్టర్లు నడిపే ఒక చిన్న దవాఖానాకు చేర్చాడు.  దించేటప్పుడు, "నేను జర ముందుగాల వచ్చి ఆపలేకపోయిన చెల్లె," అన్నాడు.

చిగుళ్లు చీము పట్టి రూప్లి చాలా రోజులు మంచం మీదే ఉంది. ఆ దవాఖానాలో వంటచేసే ఇన్నమ్మ గంజి కాచి చెమ్చాతో పోసేది. ఆవిడ క్రైస్తవురాలు, నోరు పెద్దది, మనసు మెత్తన. లాలు వస్తాడేమోనని రూప్లి గేటు వైపు చూస్తుంటే, "ఎవరి కోసం చూస్తున్నవో వాళ్లు రారు. ఈ గంజి తాగు," అనేది. లాలు రాలేదు. ఏడు తిరక్కముందే ఇంకొక ఆమెను తెచ్చుకున్నాడని తెలిసింది. లేచి తిరగగలిగాక రూప్లి అక్కడే ఆయాగా ఉండిపోయింది. గచ్చు కడిగేది, బెడ్ పాన్లు ఎత్తేది, దుప్పట్లు ఉతికేది.

తన సంగతి ఇన్నమ్మకు చెప్పింది. ఇన్నమ్మ చేతులు జోడించి, "దేవుడిచ్చిన వరమే అది," అంది. "వరమైతే మోతీ బతికేది," అంది రూప్లి. పళ్లు లేని నోటి నుంచి మాట సరిగా రాక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

చాలాకాలం ఎవరి నొప్పీ ముట్టలేదు. ఒకసారి థర్మల్ కరెంటు కేంద్రంలో ఆవిరి తగిలి ఒళ్లంతా కాలిన కూలీని తెచ్చారు. మందు అయిపోయి మనిషి గింజుకుంటుంటే పెద్ద సిస్టరు కూడా కళ్లు తుడుచుకుంది. రూప్లి ఆమె దగ్గరకు వెళ్లి, "ఈయన జబ్బు ఏందో తెలిసిందా సిస్టర్? ఇంక తెలియాల్సింది ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. లేదని ఆమె చెప్పాకే మంచం పక్కన కూర్చుంది. అప్పట్నుంచి అదే పద్ధతి. రోగమేదో తేలేదాకా ఎంత ఏడ్చినా, ఎవరు కాళ్లు పట్టుకున్నా చూపు తిప్పుకునేది. కడుపునొప్పితో వచ్చిన పిల్లలున్న గదిలోకి అసలు అడుగే పెట్టేది కాదు.

హరిలాల్ వచ్చేసరికి ఆమె జుట్టు నెరిసింది. అతనూ మారిపోయాడు. థర్మల్ కేంద్రం బూడిద వదిలే చెరువు దగ్గర కాంట్రాక్టు కూలీగా చేరాడట. బట్టలకూ కనుబొమలకూ బూడిద అంటుకుని ఉంది. వరండా మెట్ల మీద కూర్చుని తువ్వాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"హేమ్లి నన్ను ఇంట్లకు రానిస్తలేదు వదినా. ఎప్పుడో ఎల్లగొట్టింది."

రూప్లి చేతిలోని చీపురు గోడకు ఆనించింది.

"తింట, పండుకుంట, పనికి పోత. మా యాడి, నన్ను కన్న తల్లి, సచ్చిపోతే కూడ కంట్లకు నీళ్లు రాలే. మోతీ పేరు ఎవరన్న అంటే, ఎవరిదో బిడ్డ పేరు అన్నట్టుంటది. మొహం గుర్తున్నది. గుర్తుండి ఏం లాభం?" తలెత్తాడు. అతని మొహంలో కోపం లేదు. "నాది నాకియ్యి. నీకు దండం పెడత."

"యాడ పెట్టిన్నో నాకు తెల్వది హరిలాల్. తీసుడే వచ్చు, మళ్ల పెట్టుడు రాదు."

అయినా ప్రయత్నించింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతని లోపల తడిమింది. అంతా చదునుగా ఉంది. ఎక్కడా ఏదీ చేతికి తగల్లేదు. ఆదివారం ఆదివారం రమ్మంది. మరో దారి తోచక మోతీ గురించి చెప్పడం మొదలుపెట్టింది. మేకపిల్లకు తన గాజులు తొడగబోయింది, ఉరుముకు భయపడి జొన్న గాదె వెనకాల దాక్కుంది, నాన్న సంతకు పోతే బాట మీద కూర్చుని ఎవరు పిలిచినా కదల్లేదు. తెలిసినవన్నీ చెప్పింది. హరిలాల్ శ్రద్ధగా వినేవాడు. "అవ్, గట్లనే ఉండేది," అనేవాడు. మరిచిపోయినవి తనే అందించేవాడు. వంటింట్లో వింటున్న ఇన్నమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. తండ్రి కళ్లు మాత్రం పొడిగా ఉండేవి.

చివరికి రూప్లి ఒక పగలు ములకలపల్లి బస్సెక్కింది. వెళ్లగొట్టాక ఆ దారి తొక్కడం అదే మొదలు. తండాలోకి పోలేదు. హేమ్లి మిరప చేనులో ఉందని తెలిసి గట్టు మీద నిలబడింది. హేమ్లి ఒడి నిండా కాయలతో నడుం ఎత్తి చూసింది. గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

"ఎందుకొచ్చినవ్?"

"హరిలాల్ నా దగ్గరికి వస్తున్నడు. నేను చెబితే ఆయనకు వస్తలేదు. నువ్వు కన్నతల్లివి. ఒక్కసారి నువ్వు కూసుండబెట్టి చెబితే..."

"చెప్పలేదనుకున్నవా?" హేమ్లి కాయలు గంపలో పోసింది. చేతులు దులుపుకోలేదు. "నేను ఏడుస్తుంటే ఎదురుంగ కూసుండి జొన్నరొట్టె తిన్నడు. ఇద్దరి ఏడుపు నేనే ఏడుస్తున్న. ఇన్నేండ్ల సంది."

ఆమె చెక్కిళ్లు పీక్కుపోయి ఉన్నాయి. కళ్ల కింద చర్మం నల్లబడింది. రూప్లి చూడకూడదనుకుంటూనే చూసింది. హేమ్లి లోపలిది కనబడింది. అలవాటు కొద్దీ మనసు దాని వైపు కదిలింది.

హేమ్లి రెండడుగులు వెనక్కి వేసి, మిరప ఘాటు నిండిన చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నా దాని జోలికి రాకు! బిడ్డది నా దగ్గర అదొక్కటే మిగిలింది. ముట్టినవంటే ఈ చేన్లనే సంపుత."

రూప్లి తల దించుకుని గట్టు దిగింది. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నిలబడే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత కూడా హరిలాల్ ఆదివారాలు రావడం మానలేదు. ఏదో వస్తుందన్న ఆశతో కాదు, వెళ్లడానికి ఇంకొక చోటు లేక వచ్చేవాడు. కొన్నేళ్లకు బూడిద అతని ఊపిరితిత్తుల్లో చేరింది. సిస్టర్లు అతన్ని ఆ దవాఖానాలోనే పడుకోబెట్టారు. ఆయాసం వచ్చినప్పుడు పక్కటెముకలు కోసినట్టుండేది. జబ్బు ఏమిటో తెలిసిపోయింది, చేయగలిగిందేమీ లేదని కూడా తెలిసింది. "తీసెయ్యనా?" అని రూప్లి అడిగింది. హరిలాల్ తల అడ్డంగా ఊపాడు.

"ఉండనియ్యి వదినా. ఇదన్న నాది."

ఎండాకాలం మొదట్లో పోయాడు. కబురందుకుని హేమ్లి ట్రాక్టర్ మాట్లాడుకుని వచ్చింది. మొగుడి మొహం తుడిచి, నెరిసిన కనుబొమల్లో ఇంకా మిగిలిన బూడిదను కొంగుతో ఎత్తి, అతని తలను ఒళ్లో పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. రూప్లి తలుపు దగ్గర, ఆమె వైపు చూడకుండా, గోడకేసి మొహం పెట్టుకుని నిలబడింది. శవాన్ని ట్రాక్టర్‌లోకి ఎక్కించాక హేమ్లి ఆగింది.

"పోయేటప్పుడన్న ఏడ్చిండా?"

"లేదు."

హేమ్లి తల ఊపి ట్రాక్టర్ ఎక్కి శవం పక్కన కూర్చుంది. బండి గేటు దాటి ములకలపల్లి రోడ్డు పట్టింది. రూప్లి లోపలికి వెళ్లి హరిలాల్ పడుకున్న మంచం మీది దుప్పటి తీసింది. దాన్ని నీళ్ల బకెట్‌లో నానబెట్టి, కొత్తగా వచ్చిన రోగికి పక్క సర్దడం మొదలుపెట్టింది.